కునిగుండ కాచిన బీరు

ఐబెన్‌గ్రూన్,
1971 నవంబరు 9.

తమ్ముడు ఒట్మార్‌కు,

నేను బాగున్నాను. బీరు కాచే రాగి కాగు బాగుంది. గుంబర్ట్ పెద్దాయనే బాగాలేడు. పోయిన మంగళవారం పీపాలు కడిగిన రాళ్ళ మీద కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఇక మెట్లెక్కడం, తెడ్డు పట్టడం ఈ జన్మకి లేవని డాక్టరు చెప్పాడు. తాతయ్య కాలం నుంచి మన పొయ్యి ముందు నిలబడ్డ మనిషి ఆస్పత్రి మంచం మీద పడుకుని, నేను లోపలికి రాగానే ఏమన్నాడో తెలుసా? "అమ్మాయ్, బార్లీ మొలకలు మరపట్టించావా, లేక నా కోసం ఏడుస్తూ కూర్చున్నావా?" అన్నాడు. మరపట్టించానని చెప్పాను. అప్పుడు గాని ఆయనకి నిద్రపట్టలేదు.

నిన్న వృత్తుల సంఘం ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని చాలా మర్యాదగా మాట్లాడాడు. "మాస్టర్ పట్టా ఉన్న మనిషి లేకుండా బ్రూవరీ నడవకూడదండీ" అన్నాడు.

"నాన్న పోయినప్పటి నుంచి నడిపిస్తున్నది నేనేనండీ" అన్నాను.

"కాదనను. కానీ పట్టా గుంబర్ట్ గారిది కదా!"

వచ్చే ఏడాది చివరిదాకా గడువు ఇచ్చారు. ఆ తర్వాత పట్టా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉండాలి, లేదంటే పొయ్యి ఆర్పాలి. ఆ పెద్దమనిషి మన బీరు ఒక మగ్గు తాగి, ఇంకోటి అడిగి మరీ తాగి వెళ్ళాడు.

ఎల్లుండి మార్టిన్ పండగ. బాతు పెద్దదే దొరికింది, తినేవాళ్ళే లేరు. నీకు తెలియాలని ఇదంతా రాశాను, అంతే.

మీ అక్క
కునిగుండ

*

డార్ట్‌మండ్,
1971 నవంబరు 24.

అక్కా,

నువ్వు 'అంతే' అని రాశావంటే అది అంతే కాదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఉత్తరం రెండుసార్లు చదివాను. హనలోరెకు కూడా చదివి వినిపించాను. రాత్రి భోజనాల దగ్గర మా ఇద్దరికీ అదే మాట.

నేను రాలేను అక్కా. పిల్లలిద్దరూ ఇక్కడి బడిలో కుదురుకున్నారు. మా అత్తగారు హనలోరె మీదే ఆధారపడి ఉంది. ఇక్కడ నా చేతికింద ఉన్న ఉక్కు ట్యాంకులు ఒక్కొక్కటి మన ఊరి చర్చి అంత ఎత్తు ఉంటాయి. నవ్వకు, నిజం. వాటిలో ఒక్కసారి కాచే బీరు మన ఐబెన్‌గ్రూన్‌కి ఏడాదంతా సరిపోతుంది. ఇదంతా వదిలేసి రమ్మని నువ్వు అడగవని నాకు తెలుసు. అయినా అడిగినట్టే అనిపించింది.

ఒక దారి ఉంది. నా మాస్టర్ పట్టా తెచ్చి గోడకి తగిలించు. కాగితం మీద నేనుంటాను, కాగు దగ్గర నువ్వుండు. నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి పోతాను. చాలా ఊళ్ళలో ఇలాగే జరుగుతోంది.

అది కూడా వద్దంటే, మా కంపెనీ వాళ్ళు మీ వైపు చిన్న బ్రూవరీలు కొంటున్నారు. నేను మన పేరు ఎత్తలేదు. అమ్మడం నేరమేమీ కాదు. నీకు యాభై ఏళ్ళు వచ్చాయి, ఎంతకాలమని మూటలు మోస్తావు?

నా వాటా సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు.

ప్రేమతో
ఒట్మార్

*

ఐబెన్‌గ్రూన్,
1971 డిసెంబరు 5.

ఒట్మార్,

వాటా! నీ వాటా గురించి నేను ఎక్కడ ఎత్తాను? నువ్వే ఎత్తి, నువ్వే మనసులో పెట్టుకోకు అంటున్నావు. కావాలంటే కాగులో ఎడమ సగం నీది. రంపం తెచ్చుకో.

నిన్ను రమ్మని నేను అడగలేదు. నీ కాగితమూ అడగలేదు. నా చేతులతో కాచిన బీరు నీ పేరు కింద అమ్మాలా? బీరుశాలలో ఆ కాగితం చూసి బెట్స్ లాంటివాళ్ళు నా ముందే, "ఒట్మార్ ఈసారి బాగా కాచాడమ్మా" అని నవ్వరూ? బెట్స్ సంగతి నీకు తెలియదు కదూ. తన సత్రానికి రంగు దీపాల బోర్డు, కొత్త కుర్చీలు ఉచితంగా ఇస్తామనగానే ఊరి బీరు మానేసి బయటి కంపెనీ బీరుకు మారిపోయాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ నా మొహం తప్పించుకుని గోడవైపు తిరిగి నడుస్తున్నాడు.

మార్గరేటా ముత్తవ్వ కథ నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు అప్పట్లో వినకుండా నిద్రపోయేవాడివి గాని. భర్తని గుర్రం తన్ని చంపినప్పుడు ఆమె ఒళ్ళో చంటిబిడ్డ. బిషప్పు గారి కాలం నుంచి ఆ ఇంటికున్న బీరు కాచే హక్కు ఆడమనిషికి చెల్లదని ఊరి పెద్దలు అన్నారట. ఆమె సభకు వెళ్ళి, "సరే, చెల్లే మగవాడిని చూపించండి. రేపు పొద్దున వాడు కాచిందీ నేను కాచిందీ మీరే తాగి చెప్పండి" అందట. మర్నాడు ఎవరూ రాలేదు. బిడ్డ పెద్దవాడయ్యేదాకా ఆమే కాచింది. కొండలో రెండో నేలమాళిగ తొలిపించింది కూడా ఆమే. మనం ఇవాళ్టికీ పీపాలు పెట్టుకునేది అక్కడే.

యుద్ధంలో మగవాళ్ళు లేనప్పుడు మాస్టర్ కన్నా ఒక మెట్టు కిందిదైన పనివాడి పరీక్ష నాకు పెట్టారు. పాసయ్యాను. నువ్వు ఖైదీల శిబిరం నుంచి తిరిగొచ్చిన రోజున నాన్న నా చేతిలో తెడ్డు తీసి నీ చేతిలో పెట్టాడు. అప్పుడు నేనేమీ అనలేదు. నువ్వు ఎంత చిక్కిపోయి ఉన్నావంటే ఆ తెడ్డే నిన్ను పట్టుకుని నిలబెట్టింది. నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదిది. ఆ పరీక్ష కాగితం ఇప్పటికీ చెల్లుతుందని ఆఫీసు వాళ్ళు చెప్పారు, అందుకు రాస్తున్నాను.

మే నెలలో మాస్టర్ పరీక్షకి నేనే కూర్చుంటున్నాను.

పిల్లలకి ముద్దులు. వాళ్ళ కోసం అల్లం బిస్కెట్లు వేరే పంపాను.

కునిగుండ

*

ఐబెన్‌గ్రూన్,
1972 జనవరి 20.

ఒట్మార్,

నువ్వు పంపిన పెట్టె స్టేషన్ నుంచి బండి మీద వచ్చింది. తెరిచి చూస్తే నీ చదువు పుస్తకాలన్నీ ఉన్నాయి. ఉత్తరం ముక్క లేదు. నువ్వు బీరు కాచడం మానేసి అమ్మకాల వైపు వెళ్ళిపోయావని బెట్స్ ఊరంతా చెబుతున్నాడు. నేను నమ్మలేదు. పెట్టె చూశాక నమ్మాల్సి వచ్చింది. పారేయడానికి చేతులు రాక నా మీదికి తోసేశావన్నమాట!

అదే వారంలో మీ కంపెనీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. అటక మీదికెక్కి, బీరు చల్లారబోసే పెద్ద రాగి పళ్ళేన్ని చేత్తో తట్టి, "మ్యూజియంలో పెట్టాలండీ దీన్ని" అన్నాడు ఒకడు. నిన్న దాంట్లోనే చల్లార్చానని చెప్పాను. రెండోవాడు నా పేరు వినగానే, "ఓహో, ఒట్మార్ గారి అక్కగారా!" అన్నాడు. నీ పేరు చెప్పుకుని వచ్చేదాకా వచ్చిందా?

గుంబర్ట్ గారు ఇంటికొచ్చాడు. కిటికీ పక్కన మంచం వేయించాను, పొగగొట్టం కనిపించేలా. పొగ రంగు చూసి కేకలేస్తున్నాడు, "కట్టెలు పచ్చివి వేశావే!" అని. నిజంగానే పచ్చివి.

కునిగుండ

*

డార్ట్‌మండ్,
1972 ఫిబ్రవరి 2.

మహాతల్లీ,

పుస్తకాల పైన చుట్టిన గోధుమరంగు కాగితం ఏం చేశావు? నాలుగు పేజీల ఉత్తరం దాని లోపలి వైపు రాశాను! మామూలు కాగితం అయితే చింపేస్తావని, పెద్ద అక్షరాలతో, ఒక్కో పుస్తకంలో ఏ పాఠం ముందు చదవాలో, ఏది వదిలేయాలో అన్నీ రాశాను. 'నువ్వు పరీక్ష రాస్తానన్న ఉత్తరం చూసి హనలోరె కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది' అని కూడా రాశాను. దాంతో పొయ్యి అంటించి ఉంటావు. నిన్ను ఎరుగుదును.

నేను ఎక్కడికీ మారలేదు, ట్యాంకుల దగ్గరే ఉన్నాను. ఆ ఇద్దరినీ నేను పంపలేదు. నా గది తలుపు మీద బిర్క్‌నెర్ అని రాసి ఉంది, మన బోర్డు మీదా అదే పేరు ఉంది. దానికి కూడా నన్ను తిడితే ఇక పేరు మార్చుకోవడమే.

ఇంతకీ వాటా సంగతి. నాకు వద్దు, అడగను అని చెప్పడానికి రాశాను. నువ్వు రంపం దాకా వెళ్ళావు.

లెక్కల పుస్తకం ముందు చదువు. రసాయనశాస్త్రం చూసి భయపడకు, చేత్తో రోజూ చేసేదే పేర్లు మార్చి రాశారు.

ఒట్మార్

*

ఐబెన్‌గ్రూన్,
1972 మే 28.

తమ్ముడు ఒట్మార్‌కు,

అవును, పొయ్యే అంటించాను. మంచి మంట వచ్చింది.

కొండ నేలమాళిగ పైన బల్లలు వేశాం. చెట్ల నీడకి జనం బాగా వస్తున్నారు. బీరులోకి నంజుకునే ముల్లంగి ఈసారి ఘాటుగా ఉంది. పాస్టరు గారు నిన్న మూడు మగ్గులు తాగి, ఇవాళ ప్రసంగం పొట్టిగా ముగించాడని ఊరంతా నన్ను మెచ్చుకుంటోంది. బీరుకి చేదిచ్చే హాప్ తీగలు ఏపుగా లేచాయి. గుంబర్ట్ గారు కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు.

పరీక్ష అయిపోయింది. నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. నా పక్కన కూర్చున్నవాళ్ళందరూ, నాకు కొడుకులుంటే ఆ వయసుండే వాళ్ళు. ఒకడు నన్ను వంటమనిషి అనుకుని కాఫీ అడిగాడు. తెచ్చిచ్చాను, తర్వాత పక్కనే కూర్చుని ప్రశ్నాపత్రం అందుకున్నాను. వాడి మొహం చూడాల్సింది.

పిల్లల్ని ఎండాకాలం సెలవులకి పంపు.

మీ అక్క
కునిగుండ

*

డార్ట్‌మండ్,
1972 జూన్ 6.

మాస్టర్ కునిగుండ బిర్క్‌నెర్ గారికి!

నమస్కారం, సలాము, దండం, ఏది కావాలంటే అది! ఉత్తరం అందగానే మా సెక్షన్లో అందరికీ చెప్పేశాను. మా పెద్దాఫీసరు స్వయంగా వచ్చి నా చెయ్యి ఊపి, "మీ వంశంలో ఆడవాళ్ళు కూడానా!" అన్నాడు. "ఆడవాళ్ళేనండీ" అన్నాను. పువ్వుల దుకాణం వాళ్ళకి చెప్పాను, నీకు గులాబీలు అందుతాయి. గుంబర్ట్ గారికి చుట్టల పెట్టె పంపాను. హనలోరె కేకు చేసింది, దాని మీద చాక్లెట్‌తో మగ్గు బొమ్మ వేసింది. అది చెప్పు బొమ్మలా వచ్చింది, అయినా తినేశాం.

గర్వంగా
ఒట్మార్

*

ఐబెన్‌గ్రూన్,
1972 జూన్ 14.

ఒట్మార్,

గులాబీలు వచ్చాయి. నీళ్ళలో పెట్టాను. వాటి వంక చూడలేక వెనక గదిలోకి మార్చాను.

'అయిపోయింది' అని రాశాను గాని పాసయ్యానని రాయలేదు. తప్పాను. చేతిపని అంతా నెగ్గాను, లెక్కలు కూడా. రాతపరీక్షలో రసాయనం పోయింది. అక్టోబరులో మళ్ళీ కూర్చోవచ్చు. నువ్వు అందరికీ చెప్పేశావు. ఇప్పుడేం చేస్తావో నీ ఇష్టం.

నన్ను బాధపెట్టింది మార్కులు కాదు. ఎవరింటి బీరు వాళ్ళని తెమ్మన్నారు. నేను మన పీపా నుంచి సీసాల్లో పట్టి, తడిగుడ్డ చుట్టి, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న బట్టతలాయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు వాసన చూశాడు.

"వెన్న వాసన వస్తోందండీ."

"అది మా ఇంటి రుచండీ. మా నాన్న బీరు కూడా ఇలాగే ఉండేది."

"ఉండవచ్చు" అన్నాడు మెల్లగా. వెటకారం లేదు ఆయన గొంతులో. "కానీ అది రుచి కాదు, లోపం. మీరు పుట్టినప్పటి నుంచి తాగుతున్నారు కాబట్టి మీకు తెలియదు."

రైల్లో వస్తూ మిగిలిన సీసా తెరిచి వాసన చూశాను. ఒకసారి ఆయన చెప్పాక, ఇక అది తప్ప ఇంకేమీ తెలియలేదు నాకు. ఇంటికొచ్చి కాగు ముందు కూర్చున్నాను. ఇన్నాళ్ళూ దేన్ని చూసుకుని తలెత్తుకు తిరిగానో దానికే లోపం ఉందంటే నేనేం కాపాడుతున్నట్టు?

మీ కంపెనీ వాళ్ళ అడ్రసు నీ దగ్గరుంటే పంపు. పంపమన్నానని వెంటనే పంపకు.

కునిగుండ

*

డార్ట్‌మండ్,
1972 జూన్ 19.

అక్కా,

అడ్రసు పంపను. పంపితే దాంతో ఇంకో పొయ్యి అంటిస్తావు.

నేను నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి ఉంది. ఆ వెన్న వాసన నాకు తెలుసు. బ్రూయింగ్ కాలేజీలో మొదటి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మొదటి గుటకలోనే తెలిసింది. భోజనాల దగ్గర నాన్నతో చెప్పాను. నువ్వు ఆ రోజు అత్తయ్య ఊరు వెళ్ళావు. నాన్న చెంచా కింద పెట్టి, "నా బీరుకి వంక పెట్టే వాడికి నా బల్ల దగ్గర చోటు లేదు" అన్నాడు. సెలవులు అయ్యేదాకా నాతో మాట్లాడలేదు. నేను డార్ట్‌మండ్‌కి జీతం కోసం వచ్చానని నువ్వు అనుకుంటున్నావు. అనుకోనిచ్చాను. నాన్న మీద నీకున్న ప్రేమ చెడగొట్టాలనిపించలేదు.

ఇప్పుడు విను. దీని పేరు పుస్తకంలో నోరు తిరగనంత పొడుగ్గా ఉంటుంది. పని మాత్రం చిన్నది. ఈస్ట్ బీరుని పులియబెట్టేటప్పుడు మధ్యలో ఆ వెన్న వాసన పుట్టిస్తుంది. ఇంకొన్నాళ్ళు వెచ్చగా వదిలేస్తే ఆ ఈస్టే దాన్ని తిరిగి తినేస్తుంది. మనం వదలం. తొట్టి ఖాళీ కావాలని ముందే తీసి చల్లటి నేలమాళిగలోకి దించేస్తాం. ఎందుకు? యుద్ధంలో సగం తొట్లు పోయాయి, ఉన్నవాటితోనే ఊరికి సరిపెట్టాలని నాన్న తొందరపడ్డాడు. తొట్లు మళ్ళీ వచ్చాక కూడా ఆ తొందర మానలేదు. అది మన ఇంటి రుచి కాదక్కా, మన ఇంటి తొందర.

నువ్వు పుట్టినప్పటి నుంచి తాగుతున్నావని ఆ బట్టతలాయన అనుకున్నాడు. నువ్వు పుట్టింది ఇరవై ఒకటిలో, ఈ తొందర మొదలవడానికి చాలా ముందే. యుద్ధానికి ముందు మన బీరు ఎలా ఉండేదో గుంబర్ట్ గారిని అడుగు.

ఇక్కడ అందరికీ నిజం చెప్పేశాను, అక్టోబరులో మళ్ళీ రాస్తుందని. పెద్దాఫీసరు అన్నాడు, "అయితే కేకు అప్పుడు ఇంకోటి."

దీనితో పాటు రసాయనం పాఠాలు నా మాటల్లో రాసి పంపుతున్నాను. ఈసారి కవరులోనే పెట్టాను. దయచేసి కాల్చకు.

ఒట్మార్

*

ఐబెన్‌గ్రూన్,
1972 నవంబరు 19.

తమ్ముడికి,

మీరు మార్టిన్ పండగకి వచ్చి వెళ్ళి వారం కాలేదు, ఇల్లంతా అప్పుడే బోసిపోయింది. హనలోరె మర్చిపోయిన శాలువా పంపుతున్నాను. పిల్లలకి నచ్చిన సాసేజీలు కూడా పెట్టాను, దారిలో పాడవకుండా పొగబెట్టినవే.

నువ్వు ఉన్న మూడు రోజులూ జనం మధ్యే గడిచాయి, ఏదీ తీరిగ్గా చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

వేసవిలో నీ ఉత్తరం పట్టుకుని గుంబర్ట్ గారి దగ్గరికి వెళ్ళాను. చదివి వినిపించాను. ఆయన కిటికీ వైపు తల తిప్పాడు. "నేను పనిలో చేరిన కొత్తలో మీ తాత తొట్టి మూత తీయనిచ్చేవాడు కాదు. ఇంకా నిద్రలో ఉంది, లేపకండిరా అనేవాడు" అన్నాడు. "మరి నాన్నకి చెప్పలేదేం?" అన్నాను. "మీ నాన్నకి చెప్పడమా!" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత కాచిన బీరుని తొట్టిలోనే వదిలేశాను. రోజూ చెయ్యి దురద పెట్టేది, దించేద్దామని. దించలేదు. సెప్టెంబరులో మొదటి పీపా తెరిచి, ఆయన మంచం దగ్గరికి మగ్గు తీసుకెళ్ళాను. తాగాడు. మళ్ళీ తాగాడు. మూతికంటిన నురగ తుడుచుకోలేదు. "ఇది మీ తాత బీరు" అన్నాడు. గుంబర్ట్ గారి కంట్లో నీళ్ళు నేను చూడడం అదే మొదటిసారి. వెంటనే నా మీద అరిచాడనుకో, మగ్గు నిండా పోయలేదని.

ఒట్మార్, నేను నాన్న బీరుని కాపాడుతున్నానని అనుకున్నాను. దాని వెనకాల ఇంకో బీరు ఉందని, అది ఇంకా పాతదని నాకు తెలియదు. నీ పుస్తకాలు, ఆ బట్టతలాయన ముక్కు లేకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. చదువంటే మన పద్ధతుల్ని చెరిపేసేదని భయపడ్డాను. చెరిగిపోయిన దాన్ని తెచ్చి చేతిలో పెట్టింది.

అక్టోబరులో అదే బీరు తీసుకెళ్ళాను. బట్టతలాయన వాసన చూసి, నా వంక చూసి, గ్లాసు ఖాళీ చేశాడు. పరీక్షలో ఎవరూ గ్లాసు ఖాళీ చేయరట, పక్కాయన చెప్పాడు. రసాయనంలో నీ మాటలే దించాను. 'ఈస్ట్ తాను చిందించింది తానే తుడుస్తుంది' అని రాస్తే మార్కులిచ్చారు.

పట్టా నువ్వు చూశావు కదా, ముందే అచ్చేసిన కాగితం. 'శ్రీ' అని ఉంది. గుమాస్తా ఇబ్బందిపడుతూ సిరాతో కొట్టేసి 'కుమారి' అని రాశాడు. "కొత్తది అచ్చేయించి పంపిస్తామండీ, ఇది బాగాలేదు" అన్నాడు. "ఇదే ఇవ్వండి, కొట్టివేతతో సహా" అన్నాను. ఆఫీసు వాళ్ళే దాన్ని బీరుశాలలో తగిలించడానికి వచ్చారు. ఆ టోపీ పెద్దమనిషి ఈసారి మూడు తాగాడు.

నువ్వు వెళ్ళిన మర్నాడు బెట్స్ వచ్చాడు, పెరటి గుమ్మంలోంచి. "కునిగుండా, ఆదివారానికి రెండు పీపాలు దొరుకుతాయా?" అన్నాడు. "ముందు గుమ్మంలోంచి వచ్చి అడుగు, ఇస్తాను" అన్నాను. చుట్టూ తిరిగి, వీధిలోంచి, అందరూ చూస్తుండగా వచ్చాడు. ఇచ్చాను. రంగు దీపాల బోర్డు అలాగే ఉంచుకున్నాడు, దాని వెలుగులో మన బీరే అమ్ముతున్నాడు.

మీ కంపెనీ వాళ్ళు మళ్ళీ ఉత్తరం రాశారు. 'అమ్మడం లేదు, తాగాలనిపిస్తే రండి' అని జవాబిచ్చాను.

స్టేషన్లో రైలు కదులుతుంటే కిటికీలోంచి అడిగావు, "నాన్న ఉంటే ఏమనేవాడంటావు?" అని. నేను చెయ్యి ఊపానంతే. ఇంటికి నడుస్తూ ఆలోచించాను. ఆయన ఏమనేవాడో నాకు తెలియదు. ఆయన ఏమంటాడో అని ఎంత కాలం చెవులు రిక్కించుకుని ఉన్నానో నీకు తెలుసు. ఎప్పుడు మానేశానో గుర్తులేదు. తొట్టి మూత తీయకుండా ఎదురుచూసిన ఆ రోజుల్లోనే అయ్యుండాలి.

ఈ ఏడు బార్లీ గింజ లావుగా ఉంది. రేపు పొద్దున్నే కాచాలి, ఇక పడుకుంటాను.

నీ అక్క
కునిగుండ బిర్క్‌నెర్
బ్రూమాస్టర్